దోషమా, ఆనవాలా? చేతికుట్టు బొంతలో తప్పు దిద్దుబాటు – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ఒక రచనలో ఐక్యత లోపించిందని చెప్పవలసి వచ్చినప్పుడు దానిని 'అతుకుల బొంత' అనడం తెలుగు విమర్శలో పరిపాటి. 'గంతకు తగ్గ బొంత' అనే సామెతలోనూ ఎగతాళి ఉంది. అయితే ఈ రెండు మాటల కొలమానం ఒకటి కాదు. మొదటిది అతుకునే దోషంగా చూస్తుంది. రెండవది తగినదనాన్ని ప్రమాణంగా తీసుకుంటుంది. వాస్తవానికి అతుకు లేనిదే బొంత లేదు. పేలికను పేలికతో కలపడం, పొరను పొరతో కలిపి కుట్టడం బొంత స్వరూపంలోనే ఉన్నాయి. కాబట్టి బొంతలో దోషమంటే అతుకు కాదు, మరొకటి కావాలి. ఆ మరొకటి ఏమిటి? దానిని ఎవరు నిర్ణయిస్తారు? కంటబడిన తప్పును విప్పి మళ్లీ కుట్టాలా, ఉన్నదున్నట్లు ఉంచాలా? సూది పట్టిన ప్రతివారికీ ఎదురయ్యే ఈ ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది.

ఆ చరిత్రను పరిశీలించడానికి అమెరికాలోని క్విల్టుల వృత్తాంతం ఎక్కువగా తోడ్పడుతుంది. అక్కడ ఇళ్లలోని పాత క్విల్టులను రాష్ట్రాలవారీగా నమోదు చేసే కృషి 1981లో కెంటకీలో మొదలైంది. తరువాత ఇతర రాష్ట్రాలకు వ్యాపించింది. ఆ నమోదు వల్ల కుట్టినవారి పేర్లు, బహుమతుల చరిత్ర, చేతులు మారిన తీరు చాలావరకు తెలుస్తున్నాయి. ఆ ఆధారాలకు వంగదేశపు కంథను, తెలుగునాటి బొంతను జోడించి చూస్తే ఒక విషయం స్పష్టపడుతుంది. తప్పు దిద్దాలా వద్దా అనే నిర్ణయం తప్పు స్వభావం మీదనే ఆధారపడలేదు. బొంత ఎవరి ఎదుట నిలిచిందనే దానిమీద కూడా ఆధారపడింది. ఇల్లు, సంత, పోటీ, అంగడి, ప్రదర్శనశాల అనే అయిదు తావులలో దోషానికి అయిదు అర్థాలు ఏర్పడ్డాయి.

నిత్య దోషం, అనిత్య దోషం

ఈ పరిశీలనకు ఆలంకారికుల దోషవిచారం ఉపకరిస్తుంది. ముఖ్యార్థానికి హాని కలిగించేదే దోషమని మమ్మటుడు కావ్యప్రకాశం సప్తమోల్లాసంలో నిర్వచించాడు. అంతకు ముందే, 9వ శతాబ్దిలో, ఆనందవర్ధనుడు శ్రుతిదుష్టాది దోషాలు అనిత్యాలని ధ్వన్యాలోకంలో ప్రతిపాదించాడు. చెవికి కటువైన పదం శృంగారంలో దోషం, రౌద్రంలో కాదు. వ్యాకరణ విరుద్ధమైన చ్యుతసంస్కారం వంటివి మాత్రం సందర్భంతో నిమిత్తం లేకుండా నిత్యదోషాలుగా పరిగణన పొందాయి. దోషానికి ముందు ముఖ్యార్థం ఏమిటో తేలాలన్నది ఈ విచారంలోని కీలకం.

బొంతకు ముఖ్యార్థం కప్పుకొనేవారికి వెచ్చదనం ఇవ్వడం, ఉతుకులకు ఓర్చి నిలవడం. పైపొర, నడుమ దూది, అడుగుపొర అనే మూడింటిని కలిపి కుట్టేటప్పుడు టాకాలు మరీ దూరమైతే, పాతకాలపు దూది ఉతికిన కొద్దీ జరిగి ఉండలు కడుతుంది. ముక్కల అంచున విడిచే బట్ట అమెరికా పద్ధతిలో సాధారణంగా పావు అంగుళం. అది తగ్గితే పోగులు జారి అతుకు నోరు తెరుస్తుంది. రంగు నిలవని గుడ్డను తెల్లని గుడ్డ పక్కన కలిపితే మొదటి ఉతుకులోనే రెండూ చెడతాయి. ఇవి బొంత ప్రయోజనాన్నే దెబ్బతీస్తాయి గనుక వీటిని నిత్యదోషాలనవచ్చు. ఒక గడి తలకిందులు కావడం, నక్షత్రపు మొన అతుకులో చిక్కి తెగినట్లు కనిపించడం, నీలం ఉండవలసిన చోట ఆకుపచ్చ పడడం, టాకాలు ఎగుడుదిగుడు కావడం వేరు. వీటివల్ల చలి ఆగకపోదు. చూపుకు మాత్రమే చెందిన ఇవి అనిత్యదోషాలు.

దిద్దుబాటుకయ్యే వ్యయం కూడా దశను బట్టి మారుతుంది. ముక్కను ముక్కతో కలిపిన వెంటనే తప్పు కనబడితే ఒక్క కుట్టు విప్పితే చాలు. గడులన్నీ వరుసలుగా కలిశాక అదే తప్పుకు నాలుగు వైపుల కుట్లు విప్పాలి. మూడు పొరలూ కలిసిన తరువాత అయితే పై కుట్టు కూడా విప్పాలి. దూది చెదురుతుంది, ముక్కల అంచులు పీచుబారుతాయి, చిక్కని నేతగల గుడ్డ మీద సూదిరంధ్రాలు మిగిలిపోతాయి. గుడ్డ పాతదైతే విప్పేటప్పుడే చినగవచ్చు. అప్పుడు దిద్దుబాటే కొత్త దోషానికి కారణమవుతుంది. అనిత్యదోషాన్ని పోగొట్టబోయి నిత్యదోషాన్ని తెచ్చుకోవడమవుతుంది. అనుభవం గలవారు తప్పును ఉంచేయడానికి చాలా సందర్భాలలో కారణం ఈ లెక్కే కావచ్చు. అందులో బద్ధకాన్ని గానీ తత్త్వాన్ని గానీ వెదకనక్కరలేదు.

'వినయపు తప్పు' అనే కథ

ఈ లెక్కను మరుగుపరచిన కథ ఒకటి 20వ శతాబ్దిలో బాగా ప్రచారం పొందింది. పరిపూర్ణత దైవానికే చెల్లుతుందని నమ్మిన అమెరికా స్త్రీలు, ముఖ్యంగా ఆమిష్ మతస్థులు, ప్రతి క్విల్టులోనూ ఒక తప్పును బుద్ధిపూర్వకంగా చేసేవారనీ, ఆ గడికి 'వినయపు గడి' అని పేరనీ ఆ కథ సారాంశం. పాత క్విల్టులో తలకిందులైన గడి కనబడితే చాలు, ఈ వివరణ సిద్ధంగా ఉంటుంది. బార్బరా బ్రాక్‌మన్ వంటి క్విల్టు చరిత్రకారులు దీనిని 19వ శతాబ్దపు ఆచారంగా అంగీకరించలేదు. దానిని తరువాత పుట్టిన ఐతిహ్యంగానే పరిగణించారు.

ఈ కథలో తార్కికమైన చిక్కు కూడా ఉంది. ఒక్క తప్పును పనిగట్టుకొని చేయడమంటే, అది లేకపోతే తన పని నిర్దుష్టమని చెప్పుకోవడమే. ఆ భావనలో వినయం కన్నా అహంకారమే ఎక్కువ. వేలాది టాకాలు చేతితో వేసేవారికి తప్పు దానంతట అదే దొరలుతుంది, పిలవవలసిన అవసరం ఉండదు.

ఇటువంటి కథ నిలదొక్కుకోవడానికి తగిన వాతావరణం 20వ శతాబ్ది ఆరంభంలో ఏర్పడింది. అమెరికాలో క్విల్టుల మీద తొలి పూర్తిస్థాయి గ్రంథాన్ని మేరీ వెబ్‌స్టర్ 1915లో ప్రచురించింది. రూత్ ఫిన్లీ గ్రంథం 1929లో వెలువడింది. వలసకాలపు గృహజీవితాన్ని ఆదర్శంగా చిత్రించే అభిరుచి ఆనాడు బలంగా ఉండేది. ఆ అభిరుచికి పూర్వస్త్రీ పొదుపరి, భక్తురాలు, వినయశీల. ఆమె చీకట్లో కుట్టుకుంటూ పొరబడిందనడం కన్నా, దైవభీతితో పొరపాటును ఎంచుకున్నదనడం ఆ చిత్రానికి బాగా అమరింది. దాస్య విముక్తి కోరి పారిపోయేవారికి క్విల్టుల నమూనాలు రహస్య సంకేతాలుగా పనిచేశాయన్న వాదం 1999లో ఒక గ్రంథం ద్వారా విస్తృత ప్రచారం పొందడం, చరిత్రకారులు దానికి ఆధారాలు లేవని ఆక్షేపించడం ఇటువంటిదే మరొక ఉదాహరణ. కుట్టినవారు వ్రాసి ఉంచని చోట చూచేవారు కథను నింపుతారు.

అయితే ఇటువంటి ఆచారాలన్నీ కల్పితాలని తోసివేయడమూ సరికాదు. నవాహో నేతలో అంచును దాటి బయటికి పోయే సన్నని గీత ఒకటి కొన్ని కంబళ్లలో కనిపిస్తుంది. నోయల్ బెన్నెట్ 1974లో ప్రచురించిన గ్రంథంలో ఆ గీతను నేసేవారి మాటల ఆధారంగా వివరించింది. చుట్టూ అంచు మూసుకొనిపోయిన నేతలో తన శక్తీ ఆలోచనా చిక్కుబడకుండా నేతగత్తె విడిచే మార్గం అది. బయటివారికి పొరపాటుగా కనబడినా అది దోషం కాదు, విధి. చేసినవారి సాక్ష్యం ఉన్నది గనుక నవాహో గీత ఆచారమైంది. అటువంటి సాక్ష్యం లేదు గనుక వినయపు గడి ఐతిహ్యంగా మిగిలింది.

సంత, పోటీ: తీర్పరుల చూపు

ఇంటిని దాటి సంతకు వచ్చినప్పుడు బొంతకు కొత్త చూపరులు ఏర్పడతారు. జార్జియా రాష్ట్రంలో 1837లో బానిసగా పుట్టిన హ్యారియట్ పవర్స్ కుట్టిన బైబిల్ క్విల్టు 1886లో ఏథెన్స్ పట్టణంలోని పత్తి సంతలో ప్రదర్శితమైంది. చిత్రకళ బోధించే జెన్నీ స్మిత్ దానిని చూచి కొనబోతే పవర్స్ ఒప్పుకోలేదు. కొన్నేళ్ల తరువాత ఇబ్బందులవల్ల 10 డాలర్లు అడిగి, చివరకు 5 డాలర్లకు ఇచ్చింది. ఇచ్చే ముందు ఒక్కొక్క గడిలోని కథను వివరించింది. స్మిత్ ఆ వివరణను వ్రాసి ఉంచింది. ఆ క్విల్టులోని 11 గడులు సమానమైనవి కావు. నిలువు గీతలు ఒక వరుస నుంచి మరొక వరుసకు కలవవు. మనుషులు, జంతువులు, సూర్యబింబాలు తమకు కావలసినంత చోటు తీసుకున్నాయి. కొలబద్ద పెట్టి చూస్తే దోషాలు చాలానే ఎంచవచ్చు. కథల వివరణ చదివి చూస్తే, గడి కొలత కథ అవసరాన్ని అనుసరించిందనిపిస్తుంది. పవర్స్ వివరణ లేకపోయి ఉంటే ఈ రెండవ చూపుకు ఆధారం ఉండేది కాదు.

దీనికి పూర్తి విరుద్ధమైన సన్నివేశం 1933లో ఏర్పడింది. షికాగో ప్రపంచ ప్రదర్శన సందర్భంగా సియర్స్ రోబక్ సంస్థ జాతీయ క్విల్టు పోటీ నిర్వహించింది. ఆర్థికమాంద్యపు రోజులలో మొదటి బహుమతి 1,000 డాలర్లు. 24,000కు పైగా క్విల్టులు వచ్చాయి. ప్రదర్శన ఇతివృత్తమైన శతాబ్ది ప్రగతిని చిత్రించి కొత్త రూపకల్పనలు చేసినవారు అనేకులు పాల్గొన్నారు. కాని తీర్పరులు సంప్రదాయ నమూనాకు, సూక్ష్మమైన కుట్టుపనికి అగ్రస్థానమిచ్చారు. మొదటి బహుమతి కెంటకీకి చెందిన మార్గరెట్ కేడెన్ పేరిట వచ్చిన నక్షత్రపు క్విల్టుకు దక్కింది. అది తరువాత అమెరికా అధ్యక్షుని భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్‌కు కానుకగా వెళ్లింది.

మెరికే వాల్డ్‌వోగెల్, బార్బరా బ్రాక్‌మన్ దశాబ్దాల తరువాత జరిపిన పరిశోధనలో అసలు సంగతి వెలుగు చూసింది. ఆ క్విల్టును కుట్టింది కేడెన్ కాదు. కూలికి కుట్టిన ఇతర స్త్రీలు. పోటీనాడు వారి పేర్లు ఎక్కడా వినరాలేదు. టాకాలలో తప్పు వెదకిన తీర్పరులకు, ఆ టాకాలు వేసినవారెవరన్న తప్పు కంటబడలేదు. నిర్దుష్టతే ఏకైక ప్రమాణమైనప్పుడు కుట్టిన చేతి జాడ చెరిగిపోవడమే మంచిపనికి లక్షణమవుతుంది. చేతి జాడ చెరిగిన చోట చేతిని మార్చడమూ సులువే. దోషనిర్ణయం సౌందర్యానికి మాత్రమే చెందిన విషయం కాదని, శ్రమ ఎవరి ఖాతాకు చేరుతుందన్న ప్రశ్న అందులో ఇమిడి ఉన్నదని ఈ ఉదంతం తెలుపుతుంది.

అంగడి, గోడ

అలబామా నది మెలికలో ఉన్న జీస్ బెండ్ గ్రామం, దాని పరిసరాలలోని నల్లజాతి స్త్రీల అనుభవం ఇదే ప్రశ్నను మరొక వైపు నుంచి చూపుతుంది. పౌరహక్కుల ఉద్యమ కాలంలో, 1966లో, ఆ ప్రాంతంలో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం ఏర్పడింది. క్విల్టులను న్యూయార్క్ వరకు పంపి అమ్మడం, సభ్యులకు నిలకడైన ఆదాయం కల్పించడం దాని లక్ష్యం. పెద్ద అంగళ్లకు సరుకు పంపాలంటే ఒక క్విల్టు మరొకదానిలా ఉండాలి. కొలత, రంగు, టాకా ఒకే తీరున సాగాలి. ఇంట్లో చెల్లుబాటయ్యే వంకర అంగట్లో తిరుగుటపాకు కారణమవుతుంది. 1972లో సియర్స్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ స్త్రీలు కార్డురాయ్ దిండు గలేబులు కుట్టడం మొదలుపెట్టారు. ఆ పనిలో సొంత కల్పనకు చోటు లేదు. తప్పు కుట్టితే విప్పవలసిందే, ఎందుకంటే దానిమీద కూలి ఆధారపడి ఉంది.

గలేబులకు కత్తిరించగా మిగిలిన కార్డురాయ్ పేలికలు ఇళ్లకు చేరాయి. అదే గుడ్డతో, అవే చేతులతో, ఇంటికోసం కుట్టిన క్విల్టులు వేరే దారి పట్టాయి. ఇంటికప్పును పోలిన చతురస్రాలు ఒకదానిలో ఒకటి ఒదిగే 'హౌస్‌టాప్' నమూనా తీసుకొని, పేలిక ఎంత ఉంటే అంత, ఎటు వంగితే అటు నడిపారు. 2002లో హ్యూస్టన్ లలితకళా ప్రదర్శనశాలలోను, తరువాత న్యూయార్క్ విట్నీ ప్రదర్శనశాలలోను ఈ క్విల్టులు గోడలకెక్కాయి. విమర్శకులు వాటిని ఆధునిక చిత్రకళతో పోల్చారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో బిళ్లలు విడుదల చేసింది. అంగట్లో దోషమైన వంకర గోడమీద గుణమైంది. గుడ్డ మారలేదు, చేయి మారలేదు, తీర్పు చెప్పే తావు మారింది. విట్నీలోనే జొనాథన్ హోల్‌స్టీన్, గెయిల్ వాన్ డెర్ హూఫ్ 1971లో ఏర్పాటు చేసిన ప్రదర్శన క్విల్టును చిత్రపటంలా గోడకు తగిలించి చూసే అలవాటుకు బలమైన దారి వేసింది. దగ్గరగా చూసేవారికి టాకా కనబడుతుంది, దూరంనుంచి చూసేవారికి రంగుల పొందిక కనబడుతుంది. దోషం కనబడే దూరమే మారిపోయింది.

వంకరను గుణంగా గుర్తించిన తరువాత దానికీ అంగడి ఏర్పడింది. 1990ల తొలినాళ్లలో స్మిత్సోనియన్ సంస్థ తన సంగ్రహంలోని కొన్ని క్విల్టులకు చైనాలో నకళ్లు తయారు చేయించి అమ్మే ఒప్పందం చేసుకున్నప్పుడు, వాటిలో హ్యారియట్ పవర్స్ బైబిల్ క్విల్టు కూడా ఉంది. అమెరికాలో చేతితో క్విల్టులు కుట్టేవారు దీనిని తీవ్రంగా నిరసించారు. పవర్స్ క్విల్టులో గడి కొలత కథనుబట్టి ఏర్పడింది. నకలులో అది మూలానికి కట్టుబడి వచ్చింది. ఒకసారి జరిగినప్పుడు నిర్ణయమైనది, వేలసార్లు తిరిగి వచ్చినప్పుడు అచ్చు మాత్రమే అవుతుంది.

కంథ: కుట్టులో జీవితకథ

భారతీయ సందర్భంలో ఈ చర్చకు అనువైన సామగ్రి వంగదేశపు కంథలో ఉంది. సంస్కృతంలో కంథ అంటే పేలికలు కలిపి కుట్టిన వస్త్రం. ఈ సంప్రదాయంలో ఉతికి ఉతికి మెత్తబడిన చీరలు, ధోవతులు పొరలుగా పరచి, పాత చీర అంచులనుంచి లాగిన రంగు పోగులతో సాదా టాకాలు వేస్తారు. నడుమ పద్మం, మూలలలో చెట్లు, ఖాళీలలో మనుషులు, జంతువులు, ఇంటి సామగ్రి కనిపిస్తాయి. గురుసదయ్ దత్తు సేకరణ వల్ల, స్టెల్లా క్రామ్రిష్ 1939లో ప్రచురించిన వ్యాసం వల్ల కంథ కళాచరిత్రలో స్థానం పొందింది.

సాహిత్యంలో దానికి స్థిరమైన స్థానం జసీముద్దీన్ 1929లో వెలువరించిన 'నక్షీ కాంథార్ మాఠ్' కావ్యం వల్ల కలిగింది. భర్తకు దూరమైన సాజు అనే పల్లెపడుచు తమ జీవితాన్ని కంథమీద కుట్టుతుంది. తన మరణానంతరం దానిని సమాధిమీద పరచమని కోరుతుంది. అటువంటి వస్త్రంలో టాకా సమంగా ఉన్నదా అన్న ప్రశ్నకు తావుండదు. దాని ముఖ్యార్థం వెచ్చదనాన్ని దాటి స్మృతి అయింది. స్మృతికి హాని కలిగించేదే అక్కడ దోషం. దిద్దుబాటు ఆ హాని చేయగలదు.

1971 తరువాత బంగ్లాదేశ్‌లో స్త్రీల ఉపాధికోసం కొన్ని సంస్థలు కంథను పునరుద్ధరించాయి. ముందే గీసిన నమూనాను గుడ్డమీదకు దించి, నిర్ణీతమైన రంగులతో కుట్టించే పద్ధతి వచ్చింది. దానివల్ల కుటుంబాలకు ఆదాయం సమకూరింది గనుక దానిని తక్కువగా చూడడం న్యాయం కాదు. కాని అక్కడ కూడా, అలబామాలోవలెనే, తప్పు అనే మాటకు అర్థం మారింది. ఇంటి కంథలో గీత దాటిన టాకా కుట్టేవారి ఇచ్ఛ. అంగటి కంథలో అది తిరస్కరణకు కారణం.

కుట్టిన చేయి లేనప్పుడు

ఇంతవరకు చూచిన సందర్భాలలో దిద్దాలా వద్దా అన్న ప్రశ్న చాలావరకు కుట్టేవారి ఎదుటనే ఉంది. ఆ చేయి పోయిన తరువాత అదే ప్రశ్న వారసులను, సంరక్షకులను ఎదుర్కొంటుంది. బ్రిటిష్ ద్వీపాల క్విల్టర్ల సంఘం సంగ్రహంలో 1718 సంవత్సరమూ, రెండు పొడి అక్షరాలూ కుట్టిన పట్టు దుప్పటి ఉంది. బ్రిటన్‌లో తేదీ ఉన్న పేలికపనులలో అది అతి ప్రాచీనమైనదిగా గుర్తింపు పొందింది. కాగితపు నమూనా ముక్కలమీద పట్టుపేలికలు మడిచి, అంచులు కలిపి కుట్టిన ఆ దుప్పటిలో కాగితాలు ఇప్పటికీ లోపల ఉన్నాయి. ఎక్కడైనా అతుకు సరిచేయాలని విప్పితే ఆ కాగితమూ, మడతా, పోగూ తమ స్థానం కోల్పోతాయి. అవే దాని కాలానికీ, పద్ధతికీ సాక్ష్యాలు. అందుకే పద్ధతిని తెలుసుకోవడానికి సంఘసభ్యులు మూలాన్ని ముట్టక, దానికి ప్రతిరూపాన్ని వేరే కుట్టారు.

మంచి ఉద్దేశంతో చేసిన దిద్దుబాటు కూడా తరువాతివారికి భారమైన సందర్భం ఒకటి ప్రసిద్ధం. మేరీ పికర్స్‌గిల్ 1813లో కుట్టిన అమెరికా జెండా, జాతీయగీతానికి ప్రేరణ అయినది, జీర్ణించిపోగా 1914లో అమీలియా ఫౌలర్ బృందం దానిని నారగుడ్డమీద పరచి సుమారు 17 లక్షల టాకాలతో వలలా బిగించింది. ఆ పని జెండాను నిలిపింది. కాని కాలక్రమంలో ఆ నారగుడ్డే జెండాకు హానికరమని తేలింది. 1999లో సంరక్షకులు ఆ టాకాలను ఒక్కొక్కటిగా కత్తిరించి తొలగించవలసి వచ్చింది. వెనుకకు తీసుకోదగిన జోక్యమే చేయాలి, చేసిన ప్రతి పనినీ నమోదు చేయాలి అన్న నేటి సంరక్షణ నియమాలకు ఇటువంటి అనుభవాలే పునాది.

నిత్యానిత్య వివేకం అత్యంత స్పష్టంగా ఆచరణలో కనిపించేది ఎయిడ్స్ స్మారక క్విల్టులో. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో తొలిసారి పరచినప్పుడు అందులో 1,920 పలకలు ఉన్నాయి. నేడు అవి దాదాపు 50,000. ఒక్కొక్క పలక 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, అంటే ఒక మనిషి సమాధి అంత. వాటిని కుట్టిన మిత్రులలో, తల్లిదండ్రులలో, సహచరులలో ఎందరో అంతకుముందు సూది పట్టనివారు. ఎనిమిదేసి పలకలను కలిపి 12 అడుగుల చదరంగా చేసేటప్పుడు అంచుకు గట్టి గుడ్డ కుట్టి, లోహపు కన్నాలు బిగిస్తారు. పరచి మడిచేటప్పుడు చినగకుండా ఉండడానికి అది అవసరం. ఊడిన అతుకులను మళ్లీ కుట్టుతారు. వంకర అక్షరాన్ని తిన్నగా చేయడం మాత్రం ఆ మరమ్మతులో భాగం కాదు. విడిపోయే దానిని నిలుపుతారు, వ్యక్తి చేసిన గుర్తును ముట్టరు.

తెలుగు బొంత, తెలుగు ప్రతి

తెలుగునాట బొంత పోటీకి గానీ గోడకు గానీ పోలేదు. పాత నూలుచీరలు, పంచెలు పొరలుగా పరచి, పొడుగాటి టాకాలతో ఇంట్లో కుట్టుకొనేది, లేదా ఊరూరా తిరిగి కుట్టేవారిచేత కుట్టించుకొనేది అది. చిరిగిన చోట మాసిక వేయడం, మరీ పలచబడితే పైన మరొక పాతచీర పరచి మళ్లీ కుట్టడం దాని జీవనక్రమం. మాసిక అన్న మాట ఇక్కడ గమనింపదగినది. మాసిక తప్పును దిద్దదు, చిరుగును నిలుపుతుంది. తాను తరువాత వచ్చి చేరిన ముక్కనని దాచుకోదు. కొత్త పొర కింద పాత పొర, దాని వంకర టాకాలతో సహా, అలాగే ఉంటుంది. మాసిక బొంతకు ఆయుర్దాయం పెంచుతుంది గాని, దాని గతాన్ని తుడిచివేయదు.

ఈ వివేకం వస్త్రానికే పరిమితం కాదు. చేతివ్రాత ప్రతి కూడా చేతి పనే. వ్రాతప్రతుల చివర లేఖకుడు తాను చూచినట్లే వ్రాశాననీ, తప్పులుంటే తనను నిందించవద్దనీ ప్రార్థించే సంప్రదాయ శ్లోకం తరచు కనిపిస్తుంది. లేఖకదోషాన్ని ఎక్కడ దిద్దాలి, ఎక్కడ ఉంచాలి అన్నది 19వ శతాబ్దిలో తెలుగు గ్రంథపరిష్కర్తలకు తీవ్రంగా ఎదురైన సమస్య. సి.పి. బ్రౌన్ అనేక ప్రతులు సేకరించి, పండితులచేత పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించాడు. శిథిలమైపోతున్న గ్రంథాలు ఆ కృషివల్ల నిలిచాయి. అదే సమయంలో, ప్రతికీ ప్రతికీ నడుమ ఉన్న వైవిధ్యం శుద్ధప్రతిలో ఏకరూపం పొందింది. అర్థం చెడిన చోట సరిచేయడం నిత్యదోష నివారణ. పరిష్కర్త అభిరుచికి నచ్చని ప్రయోగాన్ని మార్చడం అనిత్యదోషాన్ని నిత్యంగా భావించడం. ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలువరించిన ఆంధ్రమహాభారత సంశోధిత ముద్రణ వంటివి పాఠాంతరాలను అధోజ్ఞాపికలలో చూపే పద్ధతిని పాటించాయి. దిద్దుబాటు పాఠకునికి కనబడేలా ఉండడం, కావాలంటే అతడు వెనుకకు వెళ్లి సరిచూసుకోగలగడం ఆ పద్ధతిలోని సారం. వస్త్రసంరక్షకులు వేరే దారిన చేరిన నియమమూ ఇదే.

ఉపసంహారం

ఈ పరిశీలనవల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, బొంతలో దోషం బొంత ముఖ్యార్థాన్ని బట్టి ఏర్పడుతుంది. అతుకును విప్పేసే తప్పు, దూదిని చెదరగొట్టే తప్పు ఏ తావులోనైనా దిద్దదగినవే. చూపుకు సంబంధించిన తప్పు తావునుబట్టి దోషమో గుణమో అవుతుంది. రెండవది, తప్పును ఉంచడానికి బుద్ధిపూర్వక వినయాన్ని కారణంగా చూపే కథలు కుట్టినవారి సాక్ష్యంతో సరిచూడవలసినవి. నవాహో గీతకు సాక్ష్యం ఉంది. వినయపు గడికి లేదు. మూడవది, దిద్దే అధికారం కుట్టేవారిది. సూది తన చేతిలో ఉన్నంతవరకు ఆమె విప్పవచ్చు, ఉంచవచ్చు. ఆమె తరువాత వచ్చినవారికి నిలిపే అధికారం ఉంది గాని మార్చే అధికారం లేదు.

1933 నాటి బహుమతి క్విల్టు ఇప్పుడు ఎక్కడ ఉన్నదో ఎవరికీ తెలియదు. దానిని కుట్టిన స్త్రీలలో ఎవరి చేయి ఏ భాగంలో పడిందో చెప్పగల ఆధారం అసలు వస్త్రంలోని టాకాలలోనే ఉండి ఉండవచ్చు. నిర్దుష్టమని పేరు పొందిన ఆ పనిలో ఒక్క వంకర టాకా దొరికినా చరిత్రకారునికి అది దోషం కాదు, ఒక మనిషి ఆనవాలు. తెలుగు ఇళ్లలో మిగిలిన పాత బొంతలను నమోదు చేసే పని చేపట్టేవారు కొలతలతో, రంగులతో పాటు మాసికలను, తప్పుకుట్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి. అప్పుడే 'అతుకుల బొంత' అన్న మాటను విమర్శలో ఏ అర్థంలో వాడుతున్నామో కూడా తిరిగి ఆలోచించడానికి వీలు కలుగుతుంది.